పొయ్యి మీది అంకెకు ఎడమ పక్క

దగ్గరికి జరగండి. ఇంకొంచెం. నా గొంతు ఇప్పుడు వాకిలి దాటి పోవడం లేదు. చేతిలోని ఫోను కాసేపు బోర్లా పెట్టి వినండి. ఆ ఫోనులో పాత ఇనుప పొయ్యి ఫొటో తీసి పంపి, "అమ్మా, దీని వయసు ఎంత ఉంటుంది" అని అడిగే పిల్లల కోసమే ఇది చెబుతున్నాను. ఫొటో చూసి పొయ్యి వయసు చెప్పేవాళ్లను నమ్మకండి. పొయ్యిని ముందు పెట్టుకుని చెప్పేవాళ్లను కూడా అన్నిసార్లు నమ్మకండి. ఎందుకో చెబుతాను.

నా పేరు చంద్రమ్మ. తాండూరులో గంజ్ వెనక సందులో మాది పాత సామాన్ల దుకాణం. మూడో తరగతి దాకా చదివాను. పెళ్లై వచ్చిన ఏడాదికే మామతో పాటు దుకాణంలో కూర్చున్నాను. మోకాళ్లు మొరాయించేదాకా కూర్చున్నాను. ఇత్తడి, రాగి, తలుపులు, తాళాలు, గడియారాలు, అన్నీ నా చేతుల మీదుగా పోయాయి. కానీ నాకు పేరు తెచ్చింది కట్టెల పొయ్యిలు. మట్టి పొయ్యిలు కావు, పోత ఇనుము పొయ్యిలు. కింద నాలుగు కాళ్లు, ముందు చిన్న తలుపు, పైన గుండ్రటి మూతలు, వెనక పొగ గొట్టం. వికారాబాద్ గుట్ట దిక్కు బంగళాల్లో, స్టేషన్ క్వార్టర్లలో, డాక్టర్ల ఇళ్లలో ఉండేవి. గ్యాసు వచ్చాక వాటిని తూకానికి అమ్మేశారు. ఇప్పుడేమో గెస్ట్ హౌసుల వాళ్లు వెతుక్కుంటూ వస్తున్నారు. వచ్చినవాళ్లు మొదట అడిగేది ఏ సంవత్సరం అనే.

మామ నేర్పింది

నాకు గురువూ మామే, యజమానీ మామే. ఏ వస్తువు వచ్చినా వెంటనే ముట్టుకునేవాడు కాదు. ముందు చుట్టూ తిరిగేవాడు. తర్వాత వేలి కణుపుతో కొట్టేవాడు. తర్వాత వంగి వాసన చూసేవాడు. ఆఖరికి ఎవరి ఇంటి నుంచి వచ్చిందని అడిగేవాడు. "వస్తువు అబద్ధం చెప్పదు, తెచ్చినోడు చెప్తడు. అందుకే వాణ్ని ఆఖరికి అడగాలె" అనేవాడు.

ఉర్దూ అంకెలు ఆయనే నేర్పాడు. షాబాదు బండ మీద సుద్దతో గీసి, నేను గుక్క తిప్పుకోకుండా చదివేదాకా తుడిచేవాడు కాదు. అయిదు తమలపాకును తలకిందులు పెట్టినట్టు ఉంటుంది. ఏడు లోయ, ఎనిమిది గుట్ట. మాకు వచ్చే రాగి బిందెలు, తాంబాళాలు, పాన్‌దాన్లు ఎక్కువగా ముస్లింల ఇళ్ల నుంచి వచ్చేవి. వాటి మీద హిజ్రీ సంవత్సరం చెక్కి ఉండేది. ఏ హిజ్రీకి మన సంవత్సరం ఏది వస్తుందో మామ లెక్క కట్టి చెప్పేవాడు కాదు, జత కట్టి చెప్పేవాడు. నేను ఎక్కాల్లాగ బట్టీ పట్టాను. నాకు చదువు లేదు గానీ జ్ఞాపకం ఉంది. ఒకసారి విన్నది పోదు.

మామలో ఒక లోపం కూడా ఉంది, దాచను. సంవత్సరం చెప్పేటప్పుడు ఆయన గొంతు పెరిగేది. చుట్టూ పదిమంది ఉంటే ఇంకా పెరిగేది. వస్తువు దించి అర నిమిషం కాకముందే "ఫలానా సంవత్సరం" అని కొట్టినట్టు చెప్పేవాడు. జనం నోరు తెరిచేవారు. ఆయన చూపు నాకు వచ్చింది. ఆ గొంతు కూడా వచ్చింది. చూపు అన్నం పెట్టింది. గొంతు ఏం చేసిందో ముందుముందు చెబుతాను.

పొయ్యిని ఎట్లా చూడాలి

కాళ్ల నుంచి మొదలుపెట్టండి. పొయ్యి ఎన్నేళ్లు ఒకచోట నిలబడిందో కాళ్ల అడుగులు చెబుతాయి. తర్వాత మరలు చూడండి. నాలుగు పలకల నట్టు, ఒక్క గీత మర ఉంటే పాత కాలపు పని. ప్లస్ గుర్తు మర కనిపిస్తే ఆగండి. పొయ్యి కొత్తదైనా కావచ్చు, పాత పొయ్యికి ఎవరో కొత్త మర బిగించైనా ఉండొచ్చు. పక్క మర కూడా చూసి తేల్చుకోండి.

లోపల కట్టెలు పెట్టే చోట ఉండే ఇనుప జల్లిని చూసి ఎప్పుడూ వయసు చెప్పకండి. మంట మొదట తినేది దాన్నే. పదేళ్లకోసారైనా దాన్ని మార్చి ఉంటారు. మా దిక్కు అయితే లోపలి ఇటుక పగిలితే తాండూరు బండ ముక్క కోసి పెట్టేవారు. బండ వేడికి పొరలు పొరలుగా లేస్తుంది. అది చూసి పొయ్యి మొత్తం ఇక్కడిదే అనుకున్నవాళ్లను చూశాను.

అంకె కనిపించగానే సంబరపడొద్దు. పలక వెనక ఉండేది సాధారణంగా పోత పోసిన అచ్చు నంబరు. తలుపుకు, మూతకు, పక్క పలకకు ఒకే నంబరు ఉంటే అవన్నీ ఒకే పొయ్యికి పుట్టిన భాగాలని అర్థం, అంతే. సంవత్సరం అయితే ముందు దిక్కు, జనం చూసే చోట ఉంటుంది, అదీ అన్నిటికీ ఉండదు.

దొంగ పాతవి కూడా వస్తాయి. మోమిన్‌పేట్ దిక్కు నుంచి ఒకాయన ట్రాలీలో ఒక పొయ్యి తెచ్చాడు. వాళ్ల తాతల నాటిదట. ఒళ్లంతా తుప్పు. నేను వాసన చూశాను. మసి వాసన లేదు. పొగ గొట్టం లోపలికి చెయ్యి పెట్టి తీస్తే నా వేళ్లకు తుప్పు అంటింది గానీ మసి అంటలేదు. ఉప్పు నీళ్లు పోసి తడి మట్టిలో పాతిపెట్టి తీసిన సరుకు. "మీ తాత గిండ్ల ఏం వండుకున్నడు, వెన్నెలనా" అని అడిగాను. ఆయన నవ్వి ట్రాలీ తిప్పుకుని పోయాడు. ఇట్లాంటివి చాలా చెప్పగలను. గెలిచినవి చెప్పుకోవడం తేలిక. మీకు పనికొచ్చేది నేను ఓడిన పొయ్యి. అది ధారూర్ నుంచి వచ్చింది.

బాలమ్మ పొయ్యి

బాలమ్మది ధారూర్ పక్క ఊరు. గొర్ల మంద ఉన్న ఇల్లు. వయసు నాకంటే రెండేళ్లు తక్కువ ఉంటుంది. మనవడు పాత ఇల్లు తీసి స్లాబు వేస్తున్నాడని, వాళ్ల అమ్మ సాయమ్మ వాడిన ఇనుప పొయ్యిని ఆటోలో వేసుకుని నా దుకాణానికి తెచ్చింది. సాయమ్మ చనిపోయి చాలా కాలమైంది. బతికి ఉన్నప్పుడు వికారాబాద్‌లో ఇళ్లలో వంట చేసేది. ముందు గుట్ట దగ్గరి ఒక షావుకారు బంగళాలో చేసింది. తర్వాత ఒక డాక్టరమ్మ ఇంట్లో చేసింది. ఆ డాక్టరమ్మ బదిలీ మీద పోతూ పొయ్యిని సాయమ్మకు ఇచ్చిపోయిందట. బాలమ్మ ఇంట్లో అందరికీ తెలిసిన మాట అది. కాగితం ఏమీ లేదు. పనిమనిషికి ఇచ్చిన దానికి కాగితం ఎవరు రాస్తారు.

నేను అట్లాంటి పొయ్యిని అంతకు ముందు చూడలేదు. ఇనుము మీద ఎర్రమట్టితో అలికి ఉంది. సాయమ్మకు మట్టి పొయ్యే పొయ్యి. డాక్టరమ్మ ఇచ్చిన ఇనుప పొయ్యిని కూడా ఆమె అట్లాగే చూసింది. వారం వారం అలికి, తలుపు మీద సున్నంతో నాలుగు చుక్కలు పెట్టి ముగ్గు వేసింది. తర్వాత బాలమ్మ అదే చేసింది. ఏళ్ల తరబడి అలుకు మీద అలుకు పడి కాలి గట్టిబడింది. మంటకు దగ్గరగా ఉండే చోట మాత్రం పెచ్చులు ఊడింది. తలుపు పైపట్టీ మీద అట్లా ఊడిన చోట నాలుగు ఉర్దూ అంకెలు కనిపించాయి. ఒకటి, మూడు, అయిదు, ఆరు. పదమూడు వందల యాభై ఆరు.

ఆ సమయానికి దుకాణంలో ప్రభాకర్ సేఠ్ ఉన్నాడు. వికారాబాద్‌లో ఆ షావుకారు బంగళా ఆయన తాతది. దాన్ని గెస్ట్ హౌసుగా మార్చే పనిలో పాత సామాన్లు ఏరుకుంటూ వచ్చాడు. ఆయన డ్రైవరు ఉన్నాడు, పక్క దుకాణం వాళ్లు ముగ్గురు ఉన్నారు. అందరూ నా దిక్కు చూస్తున్నారు. అంకె తర్వాత ఏమైనా ఉందేమోనని కుడి పక్క వేలితో తడిమాను. నున్నగా ఉంది. నా గొంతు లేచింది. "పదమూడు వందల యాభై ఆరు హిజ్రీ. అంటే పంతొమ్మిది వందల ముప్పై ఏడు" అన్నాను.

బాలమ్మ సంతోషపడింది. పొయ్యి దుకాణంలో ఉంచి, బేరం కుదిరితే చెప్పమని రైలుకు వెళ్లిపోయింది. ప్రభాకర్ సేఠ్ మాత్రం పొయ్యి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఎవరి ఇంటి నుంచి వచ్చిందని అడిగాడు. చెప్పాను. సాయమ్మ పేరు విని ఆయన ముఖం మారింది.

సంగతి ఏమిటంటే, వాళ్ల తాత ఆ బంగళాను 1942లో కొన్నాడు. కొన్న దస్తావేజులో బంగళాతో పాటు వచ్చిన సామాన్ల జాబితా ఉంది. అందులో ఇనుప వంట పొయ్యి ఒకటి అని రాసి ఉంది. ఆ పొయ్యి ఇప్పుడు బంగళాలో లేదు. సాయమ్మ వాళ్ల దగ్గర వంట చేసి మానేసింది. నేను చెప్పింది ముప్పై ఏడు, దస్తావేజు నలభై రెండు. పొయ్యి ముందు పుట్టింది, దస్తావేజు తర్వాత పుట్టింది. ఆయన లెక్క ఆయనకు కుదిరింది.

ఆయన కోపం చేయలేదు. అదే ఎక్కువ నొప్పి. మర్నాడు వికారాబాద్ స్టేషన్ ముందు చాయ్ హోటల్లో నలుగురి మధ్య కూర్చుని, తాండూరులో తన పొయ్యి దొరికిందని, తాత కాలంలో వంటామె ఎత్తుకుపోయిందని, ఇప్పుడు ఆ పాతమాట ఎందుకులే, పనివాళ్లు అట్లనే తీసుకపోతుంటరని చెప్పాడట. ధారూర్ వాళ్లు వికారాబాద్ వచ్చిపోయేది ఆ స్టేషన్ మీదుగానే. సాయంత్రం రైలుతో పాటే ఆ మాట బాలమ్మ ఊరు చేరింది.

గడప మీద

పొద్దున నేను దుకాణం తెరిచేసరికి బాలమ్మ గడప మీద కూర్చుని ఉంది. మంచినీళ్లు ఇస్తే తీసుకోలేదు.

"అక్క, మా అమ్మ దొంగ అని నువ్వు చెప్పినవంట" అంది.

నేను అట్లా అనలేదని, సంవత్సరం మాత్రమే చెప్పానని అన్నాను.

"నువ్వు ఏడు చెప్పినవ్, ఆయన దొంగ అన్నడు. మధ్యల ఇంకెవ్వరు లేరు."

  మన వృత్తిలో ఉన్నవాళ్లు, నేను అంకె చదివానంతే, మిగతాది నాకు సంబంధం లేదని అంటుంటారు. నేనూ అనేదాన్ని. సంవత్సరం చెప్పడం అంటే ఒక వస్తువు ఎప్పుడు ఎవరి చేతిలో ఉండవచ్చో, ఉండకూడదో చెప్పడమే. అది పంచాయితీలో సాక్ష్యం చెప్పినట్టు. గడప మీద కూర్చున్న ఆమెను చూసేదాకా నాకు ఆ సంగతి తట్టలేదు.

ఆమె ఏడవలేదు. మనవడికి పిల్లను చూస్తున్నారట. దొంగ వంటామె ముని మనవడు అని రేపు ఎవరైనా అంటే ఎట్లా అని ఒక్కసారి అంది, మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. "మా అమ్మ మందిది ఒక చెంచ గూడ ఎత్తుక రాలే. నువ్వు ఏడు ఎట్ల చదివినవో నాకు చూపెట్టు" అంది.

"నీకు చదువు రాదు గదనే" అన్నాను.

"రాదు. చూపెట్టు."

పొయ్యి ముందు ఇద్దరం చతికిలబడ్డాం. వేలు పెట్టి ఒక్కో అంకె చూపించాను. ఇది ఒకటి, ఇది మూడు, ఈ తమలపాకు అయిదు, ఇది ఆరు. బాలమ్మ తల పక్కకు వంచి చూసింది. తర్వాత అంకెకు ఎడమ పక్కన ఊడకుండా మిగిలిన అలుకు మీద చెయ్యి పెట్టింది.

"గిది ఎందుకు గీకలే?"

"ఆడ ఏముంటది, అంకె గీడ మొదలైంది గదా."

"ఉంటది అక్క. మా పొలం పాత పహాణీ కాయితాల గిట్లనే ఏటి అంకె ఉంటది. దాని ఎడమ పక్కకు కొక్కెం లెక్క ఒకటి ఉంటది, మీద సుక్క పెట్టి. పట్వారి కాడికి పోయినప్పుడల్ల చూసిన. నాకు చదువ రాదు గని బొమ్మ గుర్తుంటది."

నేను గుడ్డ తడపడానికి లేచాను. ఎందుకో మీకు అర్థం కావాలంటే రెండు సంగతులు చెప్పాలి.

నిజాం కాలంలో రెండు రకాల సంవత్సరాలు నడిచేవి. ఒకటి హిజ్రీ, చంద్రుడి లెక్క. రెండోది ఫసలీ, సర్కారు పంటలకు, శిస్తుకు పెట్టుకున్న లెక్క. ఫసలీకి అయిదు వందల తొంభై కలిపితే మన సంవత్సరం వస్తుంది. హిజ్రీకి అట్లా కుదరదు. రెండింటి అంకెలూ పదమూడు వందల చిల్లరలోనే ఉంటాయి కాబట్టి చూడ్డానికి ఒకేలా ఉంటాయి. 1356 హిజ్రీ అయితే 1937. అదే 1356 ఫసలీ అయితే 1946. ఏది ఏదో తెలియడానికి అంకె పక్కన ఒక అక్షరం పెడతారు. ఫసలీకి ఫే. కొక్కెం, మీద చుక్క.

రెండో సంగతి ఇంకా చిన్నది. ఉర్దూలో అంకెలు మనలాగే ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. కాబట్టి అంకె తర్వాత రాసే అక్షరం అంకెకు ఎడమ పక్కన పడుతుంది. మామ నాకు అంకెలు నేర్పాడు, అక్షరాలు నేర్పలేదు. నేను ఇన్నేళ్లూ "తర్వాత ఏముంది" అని కుడి పక్కనే తడిమాను. బిందెల మీద అయితే ఎట్లా చదివినా హిజ్రీయే కాబట్టి తప్పు బయటపడలేదు. ఇది బిందె కాదు. పట్నంలో సర్కారు పనులు చేసే పోత కార్ఖానాలో తయారైన సరుకు. వాళ్లు సర్కారు లెక్కే వేస్తారు.

గుడ్డ తడిపి అలుకు మీద వేశాం. మట్టి నానేదాకా ఆగాం. తర్వాత నేను కత్తి తీసుకోబోతే బాలమ్మ వద్దని తన గోటితో గీకింది. పొర కింద పొర. ముందు చుక్క వచ్చింది. తర్వాత కొక్కెం.

నా చదువు మీద నాకే నమ్మకం పోయింది కాబట్టి ఖాదర్ సాబ్‌ను పిలిపించాను. ఆయన పాత ఉర్దూ దస్తావేజులు చదివి చెప్పే పెద్దమనిషి. కళ్లద్దాలు తుడుచుకుని, తలుపు మీదికి వంగి చూసి, "ఫే ఉన్నది చంద్రమ్మ. ఫసలీ. గింత పెద్దగ ఉంటే నువ్వెట్ల చూడలే" అన్నాడు. మట్టి అడ్డం వచ్చిందని చెప్పాను.  మట్టి సగమే నిజమని ఆయనకూ తెలుసు.

ప్రభాకర్ సేఠ్ వచ్చాడు

ఫోను చేస్తే ఆయన పనులున్నాయని రెండు రోజులు తిప్పాడు. మూడో రోజు దస్తావేజు తీసుకుని వచ్చాడు. ఇంగ్లీషు నకలు కాదు, అసలు ఉర్దూది తెమ్మని ఖాదర్ సాబ్ ముందే చెప్పించాడు. బాలమ్మ ఆ రెండు రోజులూ పొద్దుటి రైలుకు రావడం, సాయంత్రం రైలుకు పోవడం. దుకాణంలో ఒక మూల కూర్చునేది. నా బోణీ బేరాలన్నీ ఆమె కళ్ల ముందే జరిగాయి. ఏ వస్తువు వయసూ ఆ రెండు రోజులు నా నోటి నుంచి రాలేదు.

ఖాదర్ సాబ్ దస్తావేజు తెరిచి తేదీ దగ్గర వేలు పెట్టాడు. పదమూడు వందల యాభై రెండు, ఎడమ పక్కన ఫే. పొయ్యి తలుపు మీద పదమూడు వందల యాభై ఆరు, ఎడమ పక్కన ఫే. లెక్క కట్టే పనే లేదు. బంగళా కొన్న నాలుగేళ్లకు పుట్టిన పొయ్యి, ఆ బంగళా జాబితాలో ఉండదు.

ప్రభాకర్ సేఠ్ తెలివైనవాడు. "తలుపు తర్వాత మార్చి ఉండొచ్చు గద పెద్దమ్మ. భాగాలు మారుస్తరని నువ్వే అంటవ్" అన్నాడు.

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. అప్పుడు నేను అర నిమిషంలో జవాబు చెప్పలేదు. టార్చి తెప్పించి, తలుపు ఊడదీసి, వెనక ఉన్న అచ్చు నంబరు ఆయనకు చూపించాను. పక్క పలక లోపలి దిక్కున అదే నంబరు. కింది పలకకు అదే. తలుపు వేలాడే కొక్కేలు ఏ వైపు అరిగాయో చూపించాను. ఆ కొక్కేలు దూరే పొయ్యి ఒంటి చెవులు సరిగ్గా అదే వైపు, అంతే లోతు అరిగాయి. తలుపు తర్వాత వచ్చినదైతే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అరిగి ఉండేది. ఇవి రెండూ కలిసి పుట్టి కలిసి అరిగాయి. ఆయన వంగి, వేలు పెట్టి, రెండు వైపులా తడిమి చూశాడు.

"మరి మా పొయ్యి ఏడ పోయింది?" అన్నాడు.

"అది నాకు తెల్వదు సేఠ్. ఇది మీది కాదన్నంత వరకు తెలుసు. ముందు తప్పు చదివింది నేను" అన్నాను.

ఆ మాట అనడానికి నాకు కష్టమైంది. దుకాణంలో ఆరేడుగురు ఉన్నారు. నా గొంతు పెరగలేదు.

ప్రభాకర్ సేఠ్ దస్తావేజు మడిచి బాలమ్మ దిక్కు తిరిగి, "ఏమనుకోకు అమ్మ, పొరపాటైంది. ఫికర్ చేయకు" అన్నాడు. పొయ్యిని మంచి ధరకు తీసుకుంటానని కూడా అన్నాడు.

బాలమ్మ లేచి నిలబడింది. "పొయ్యి సంగతి ఇడిసిపెట్టు సేఠ్. నువ్వు గా మాట గీడ అనలే. స్టేషన్ కాడ హోటల్ల అన్నవ్. ఆడనే అను" అంది.

ఆయన నా ముఖం చూశాడు. నేను ఆయనకు సాయం రాలేదు. చివరికి సరే, కారులో పోదాం రండి అన్నాడు. బాలమ్మ తాను రైలుకే వస్తానంది. నేనూ ఆమెతో పాటు రైలెక్కాను. తాండూరు నుంచి వికారాబాద్ దాకా ఎదురెదురుగా కూర్చున్నాం. రుక్మాపూర్ దాటాక ధారూర్ స్టేషన్ వచ్చింది. అది ఆమె దిగే ఊరు. ఆమె లేవలేదు. 

చాయ్ హోటల్లో సాయంత్రం గిరాకీ ఉంది. ఆ రోజు విన్నవాళ్లలో ముగ్గురు మళ్లీ అక్కడే ఉన్నారు. ప్రభాకర్ సేఠ్ నిలబడి, తాను చెప్పింది తప్పని, ఆ పొయ్యి తమ బంగళాది కాదని, సాయమ్మ ఏమీ ఎత్తుకుపోలేదని చెప్పాడు. తక్కువ మాటల్లో చెప్పాడు గానీ నమ్మేటట్టు చెప్పాడు. ఆ మాత్రం మర్యాద ఆయనకు ఉంది. తర్వాత నేను లేచి, సంవత్సరం తప్పు చదివింది నేనని, ఎట్లా తప్పిందో కూడా చెప్పాను. హోటలాయనకు ఫసలీ ఏమిటో, ఫే ఏమిటో అర్థమైందో లేదో తెలియదు. ఒక ముసలాయన మాత్రం, "సాయమ్మనా. నాకు ఎరుకే. బంగళాల నౌకరీ ఇడిసినంక గా డాక్టరమ్మ కాడ చేసింది. మస్తు మంచిగ వండేది" అన్నాడు. అంతకు ముందు రోజుల్లో ఆయన ఆ మాట ఎందుకు అనలేదో నేను అడగలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి అనలేదు, అంతే అయి ఉంటుంది.

ప్లాట్‌ఫాం మీద బండి కోసం నిలబడ్డప్పుడు బాలమ్మ కొంగు సర్దుకుని నాతో అంది:

"నువ్వు తప్పు చదివినవ్ అక్క. అది నేను మరువ. నువ్వే వచ్చి నలుగుట్ల చెప్పినవ్. అది గూడ మరువ."

నేను ఈ వృత్తిలో తీసుకున్న సర్టిఫికెట్ అదొక్కటే. అందులో రెండు వాక్యాలున్నాయి. మొదటిదాన్ని చెరిపేసి రెండోదాన్ని మాత్రమే చదువుకునే హక్కు నాకు లేదు.

తర్వాత

పొయ్యిని బాలమ్మ అమ్మలేదు. మనవడి కొత్త ఇంటి వెనక రేకుల కింద పెట్టించింది. స్నానాల నీళ్లు దాని మీదే కాగుతున్నాయి. ప్రభాకర్ సేఠ్ గెస్ట్ హౌసుకు వేరే ఎక్కడి నుంచో ఒక పొయ్యి తెచ్చుకున్నాడు. దాని వయసు చెప్పమని నన్ను అడిగాడు. ఎనిమిది రోజులు గడువు అడిగాను.

నేను ఇంటికి వచ్చి కూర్చుని జ్ఞాపకం తవ్వాను. అంతకు ముందు ఎన్ని ఇనుప సామాన్లకు నేను హిజ్రీ లెక్క చెప్పి ఉంటానని. మూడు గుర్తొచ్చాయి. బషీరాబాద్‌లో ఒక ఇంటికి పోయి గాదె గదికి వేసిన పెద్ద తాళం మళ్లీ చూశాను. ఎడమ పక్కన ఫే ఉంది. ఆ ఇంటామె కన్నడంలో ఏదో అని నవ్వింది, చాయ్ పోసింది. తాళం తొమ్మిదేళ్లు చిన్నదైనందుకు ఆమెకేం బాధ లేదు. రెండోది ఒక బావి గిలక, దాని మీద హిజ్రీయే ఉంది, బతికిపోయాను. మూడోది కొన్నవాళ్లు ఊరు విడిచిపోయారు. వాళ్ల ఇంట్లో ఆ తప్పు ఇప్పటికీ నా పేరు మీద నడుస్తూ ఉంటుంది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఎక్కువ లేదు. మట్టి ఉంటే నానబెట్టండి. అంకెకు రెండు పక్కలా చూడండి. వస్తువు తెచ్చిన మనిషికి చదువు రాదని ఆమె చూపును తక్కువ చేయకండి. ఆమె ఆ వస్తువు ముందు మీకంటే ఎక్కువ పొద్దులు కూర్చుంది. తెలియకపోతే తెలియదని చెప్పండి. గిరాకీ పోతే పోతుంది. పోయిన గిరాకీ ఇంకో అంగడికి వస్తుంది. పోయిన పేరు కోసం ఒక మనిషి మూడు రోజులు రైలెక్కి తిరగాల్సి వచ్చింది.

పొద్దు వాలుతోంది, మీ ఇళ్లకు మీరు పోవాలి. ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ పొయ్యి ఏ పూటా చల్లారకూడదు, దాని ముందు కూర్చున్న వాళ్లెవరూ ఆకలితో లేవకూడదు. మీ ఇంటి ఆడవాళ్ల పేరు, బతికున్నవాళ్లదైనా పోయినవాళ్లదైనా, నలుగురిలో చల్లగా ఉండాలి. పోయి రండి, పిల్లాపాపలతో సుఖంగా ఉండండి.